మగవాడి మాటలు ఆమె రాసేది

సూరత్ భేస్తాన్‌లో మా ఇంటికి ఈమధ్య పిల్లలు వస్తున్నారు. మనవాళ్ల పిల్లలే, సూరత్‌లోనే పుట్టి పెరిగినవాళ్లు. తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి దూకుతారు, కోపమొస్తే గుజరాతీలో తిడతారు. నాటకాలు రాస్తారట, షార్ట్ ఫిల్ములు రాస్తారట. "అంకుల్, జర టిప్స్ చెప్పుండ్రి" అంటారు. టిప్సట! నేనూ నా భార్య కళావతీ ముప్పై ఏళ్లకు పైగా కలిసి పదిహేడు నాటకాలు, మూడు సీడీ సినిమాలు, హాల్లో ఆడిన సినిమా ఒకటి రాశాం. అందులో నేను నేర్చుకున్నది టిప్పుల్లో చెప్పగలిగేదే అయితే ఈ వయసులో నాకింత అవమానం జరిగేదే కాదు.

అందుకే ఇది రాస్తున్నాను. ఎవరు శాలువా కప్పారో, ఏ సంఘం వాళ్లు జ్ఞాపిక ఇచ్చారో రాయను. అవి అటకమీద ఉన్నాయి, కావాలంటే వచ్చి చూసుకోండి. చేసిన తప్పులు రాస్తాను. ముందే ఒక సంగతి చెప్పేస్తాను, దాచిపెట్టి చివర్లో బయటపెట్టే ఓపిక నాకు లేదు. కళావతి కలం పక్కన పెట్టి ఎనిమిది నెలలైంది. నాకు అన్నం పెడుతుంది, మందులు గుర్తుచేస్తుంది, కూరలో ఉప్పెక్కువైందంటే పోట్లాడుతుంది కూడా. నాతో కూర్చుని రాయడం మాత్రం లేదు. ఆమె లేకుండా నాకు ఒక్క సీను కూడా రాదు. ఆమె మళ్లీ కూర్చుంటుందా లేదా అన్నదే ఇప్పుడు నా బతుకులో మిగిలిన ప్రశ్న.

ఏడింటికి పనెక్కే జనం

మేం సిరిసిల్ల నుంచి వచ్చి లింబాయత్‌లో ఒక గదిలో దిగాం. నేను పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు నడిపేవాణ్ణి, కళావతి ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించేది. పని రెండు పాళీలు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా దిన్‌పాళీ, అక్కణ్ణుంచి తెల్లారేదాకా రాత్‌పాళీ. సెలవు రోజైనా సరే, సాయంత్రం ఏడు కొట్టేసరికి రాత్‌పాళీవాళ్లు కార్ఖానాలో ఉండాల్సిందే. కాబట్టి మా నాటకాలు మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యేవి.

మొదటి నాటకం నేనొక్కణ్ణే రాశాను. అప్పటికి నాకు పొగరెక్కువ. మూడున్నర గంటల నాటకం అది. హీరో చావడం చిట్టచివర్లో పెట్టాను, చస్తూ రెండు పేజీలు మాట్లాడతాడు. ఆ రెండు పేజీల కోసం నెల రోజులు నిద్ర లేదు నాకు. సరిగ్గా ఆరున్నరకు హీరో నేల మీద పడ్డాడు. అదే క్షణాన జనంలో సగం మంది లేచారు! పైన వాడు చస్తుంటే కింద వీళ్లు చెప్పులు వెతుక్కుంటున్నారు. నాకు పిచ్చెక్కిపోయింది. తెర పక్కనుంచి బయటికి ఉరికి అరిచాను.

"కూసోండ్రయ్యా! హీరో సస్తుండు!"

ఒకతను వెనక్కి తిరిగి చాలా మర్యాదగా చెప్పాడు. "పాళీకి పోకుంటే మేం సస్తం, రాజేశన్నా."

ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు కళావతి అన్నది, "చెప్పేదేదో ఆరు లోపటనే చెప్పరాదు" అని. అంత చిన్న మాట నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. పిల్లలూ, మీ కథ చూసేవాడికి ఇంకో పని ఉంటుంది. అది మీ కథకంటే ముఖ్యమైన పని. ఇది తెలియకపోతే రాయకండి.

పెదాలు చదివేవాళ్లు

రెండో దెబ్బ దుర్గయ్య వల్ల తగిలింది. దుర్గయ్య కూడా మగ్గాల మీద పనివాడే. మా నాటకాల్లో ఆడవేషాలన్నీ అతనే వేసేవాడు, ఎందుకంటే ఆడవాళ్లను స్టేజీ ఎక్కనిచ్చే ఇల్లు అప్పట్లో మా వాడలో ఒక్కటీ లేదు. ఒక నాటకంలో దుర్గయ్య కొడుకును పోగొట్టుకున్న తల్లి. హాలంతా ముక్కులు చీదుతోంది. అప్పుడు ఎదురుగా ఉన్న నటుడు మాట మరిచిపోయాడు. దుర్గయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, అది జారిపోగా, గొంతులోంచి చప్పుడు రాకుండా పెదాలతో మాత్రం అన్నాడు: "యాది తెచ్చుకోరా, గాడిది కొడుకా!"

ఒక్కసారిగా హాలు పగలబడి నవ్వింది. చివరి వరసలో వాళ్లు కూడా నవ్వారు. నాకు దిమ్మ తిరిగిపోయింది. చప్పుడే లేదే, వీళ్లకెట్లా వినబడింది?

మగ్గాల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. పొద్దస్తమానం పెదాలు చూసి, చేతి సైగలు చూసి మాట్లాడుకునే జనం వాళ్లు. వాళ్లలో ఒకణ్ణయి ఉండి నేనది మరిచాను. గుసగుసగా చెప్పేవి, పక్కకు తిరిగి చెప్పేవి అన్నీ వీళ్లకు తెలిసిపోతాయన్నమాట. తర్వాతి నాటకంలో కళావతి దీన్ని పట్టుకుని ఒక సీను కల్పించింది. మొగుడు అన్నం తింటూ గొప్పలు చెప్పుకుంటుంటాడు, పెళ్లాం అతని వెనక నిలబడి చప్పుడు లేకుండా పెదాలతో జవాబులు చెబుతుంటుంది. ఆడవాళ్లు నవ్వీ నవ్వీ ఒకళ్లమీద ఒకళ్లు పడ్డారు. మగవాళ్లు మాత్రం అటూ ఇటూ చూశారు.

మా పద్ధతి

ఇప్పుడు అసలు సంగతి. కళావతి ఏడో తరగతి దాకా చదువుకుంది. నేను రాసింది ఒకరోజు మొత్తం చదివి పక్కన పెట్టి అడిగింది.

"నీ నాటకంల మొగోళ్లంత మంచోళ్లే ఉన్నరేంది?"

"కథ గట్లున్నది."

"కథ కాదు. రాసింది నువ్వు గదా, గందుకు."

నాకు ఒళ్లు మండింది. "అయితే నువ్వే రాయరాదు!" అని కాగితాలు ఆమె ముందుకు విసిరేశాను. అదే నేను చేసిన మేలు అనుకుంటాను, కోపంలో చేసినా. రాళ్ల డబ్బా అట్టల వెనక పెన్సిల్‌తో రాసింది. మగవాడి మాటలన్నీ మార్చేసింది. ఆడదాని మాటలు మాత్రం ఖాళీగా వదిలేసింది.

"ఆడోళ్ల మాటలు నువ్వు రాయి, మొగోళ్లయి నేను రాస్త. ఎవలోళ్లను వాళ్లు ఎనకేసుకరాకుండ ఉంటది" అన్నది.

అదే మా పద్ధతి. ముప్పై ఏళ్లు మళ్లీ మార్చలేదు. ఆమె చీరలకు రాళ్లు అంటిస్తూ మొగుడి మాట అంటుంది, నేను ఎదురుగా కూర్చుని పెళ్లాం మాటతో తిప్పికొడతాను. ఇద్దరం అరుచుకుంటాం. నిలబడ్డ మాట కాగితమెక్కుతుంది. ఒకసారి మా గొడవ విని పక్కగది లింగన్న పరిగెత్తుకొచ్చాడు. సరిగ్గా అప్పుడే నేను గొంతు సన్నం చేసి, కళ్లు తుడుచుకుంటూ, "నేను మా అమ్మగారింటికి పోత!" అంటున్నాను. కళావతి తొడ చరిచి, "పోతే పో! పెట్టె నేనే సదురుత!" అంటున్నది. లింగన్న గడపలో నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"అన్నా... నువ్వు పోతవా అమ్మగారింటికి?"

ఆ రోజు నవ్విన నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నొస్తుంది.

ఇదే రోజుల్లో జరిగిన ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. పోస్టరు మీద రచయితలుగా మా ఇద్దరి పేర్లూ వెయ్యమన్నాను. సంఘం పెద్ద ఒకాయన, "ఆడమనిషి పేరు గోడల మీదెందుకు, రాజేశం దంపతులు అని ఎయ్యి, మర్యాదగ ఉంటది" అన్నాడు. సరేనన్నాను. ఆయన చెడ్డవాడు కాదు, పరదాలకూ మైకుకూ అప్పుడు ఆయనే దిక్కు. నేను ఇంకోసారి గట్టిగా అడిగివుంటే ఒప్పుకునేవాడే. అడగలేదు. కళావతిని అడగాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

దిన్‌పాళీ

మాకు పేరు తెచ్చిన నాటకం 'దిన్‌పాళీ'. అందులో మల్లేశం అనే మగ్గం పనివాడు. తాగడు, కొట్టడు, జూదమాడడు. గల్లీ అంతా వాణ్ణి మంచోడు అంటుంది. ఇంట్లోకి వచ్చాక వాడు అనే మాటలే నాటకం. ఆ మాటలన్నీ కళావతివి.

మూడో అంకంలో మల్లేశం పెళ్లానికి ఊరి నుంచి ఫోను వస్తుంది, తల్లి చనిపోయిందని. ఆమె ఉరికొచ్చి మొగుడికి చెబుతుంది. చేతిలో తొందర పని ఉంది వాడికి, ఎల్లుండికి గాని అయిపోదు. తలెత్తకుండానే అంటాడు:

"ఇయ్యాల పోయినా ఎల్లుండి పోయినా, మీ అమ్మ లేసి కూసుంటదా?"

అట్ట మీద ఈ మాట చదివి నేను ఉలిక్కిపడ్డాను. పెన్ను కింద పెట్టేశాను.

"ఛీ! గిట్ల ఎవడన్న అంటడా?"

"అంటరు."

"ఎవడన్నడు?"

"ఇన్న," అన్నది. అంతే. తల వంచుకుని రాయి అంటించింది.

లింగన్న అయి ఉంటాడనుకున్నాను. గోడకు అవతలి మాటలు మాకు వినబడతాయి కదా. నా భార్య చెవి ఎంత గొప్పదో అని మురిసిపోయాను. సభల్లో చెప్పేవాణ్ణి కూడా, "మా కళావతి పక్కిళ్లల్ల మాటలు ఏరుకొస్తది" అని.

ఆ మాట స్టేజీ మీద పలికినప్పుడల్లా హాల్లో ఆడవాళ్లు "అయ్యో!" అని ఒక్కసారి ఊపిరి పీల్చేవారు. ఒక ముసలామె మల్లేశం వేషగాడి మీదికి చెప్పు విసిరింది. సోలాపూర్‌లో వేశాం, భివండీలో వేశాం, అన్నిచోట్లా ఇంతే. నాటకం అయ్యాక నేను మైకు పట్టుకునేవాణ్ణి. "ఇట్లాంటి మగవాళ్లు మన మధ్యనే ఉన్నరు. జర సిగ్గుపడాలె!" అనేవాణ్ణి. చప్పట్లే చప్పట్లు. తెర పక్కన కళావతి ప్రాంప్టింగు కాగితాలు సర్దుకుంటూ ఉండేది. ఒక్కనాడు ఒక్క మాట అనలేదు.

సేఠ్ అడిగిన ముగింపు

నితిన్ అనే కుర్రవాడు చిన్నప్పుడు వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని ఈ నాటకం చూశాడట. లింబాయత్‌లోనే పుట్టాడు, సినిమా చదువు చదువుకొని వచ్చాడు, 'దిన్‌పాళీ'ని తెలుగు సినిమాగా తీస్తానన్నాడు. పెట్టుబడికి కతర్‌గామ్‌లో హీరాలు, అంటే వజ్రాలు, సానపట్టే కార్ఖానా ఉన్న సేఠ్‌ను ఒప్పించాడు. ఇన్నేళ్లకు మా మాట పెద్ద తెర మీదికి వెళ్తోందంటే, నిజం చెప్పొద్దూ, నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

సేఠ్ మంచివాడు. కథ మొత్తం విన్నాడు. తల్లి చావు సీను దగ్గర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆఖరున ఒకటే అడిగాడు, "ఆఖిర్ మే ఆద్మీ కో సుధర్‌నా చాహియే."

"అంకుల్, ఎండింగ్‌ల మల్లేశం మారాలంట," నితిన్ నాకు వివరించాడు. "పెళ్లాంకు సారీ చెప్పాలంట. ఫ్యామిలీలు చూడాలె గదా. లేకుంటే తాను తియ్యడంట."

"గదెంత పని! ఒక్క పేజీ. మా కళావతి రేపే రాసిస్తది," అన్నాను. ఆమె ఇంట్లో ఉంది. ఆమెను అడగకుండానే ఇచ్చాను ఆ మాట.

ఇంటికి వచ్చి చెప్పాను. కళావతి విన్నది.

"నేను రాయ," అన్నది.

"ఎందుకు రాయవు?"

"నాకు రాదు."

"ముప్పై ఏండ్ల సంది మొగోని మాటలు రాస్తున్నవ్, గీ ఒక్కటి రాదా?"

"ఇన్న మాటలే రాస్త నేను. గీ మాట ఎన్నడు ఇనలె."

"ఎవల దగ్గర ఇనలె?" అన్నాను, చిరాగ్గా.

ఆమె నా వైపు చూసింది. కోపంతో కాదు. నేను వేళాకోళమాడుతున్నానా, నిజంగానే అడుగుతున్నానా అని వెతుకుతున్నట్టు చూసింది.

"మల్లేశం మాటలు ఎవలియనుకుంటున్నవ్ నువ్వు?"

"లింగన్నయి."

"లింగన్న పాపం మంచోడు," అన్నది కళావతి.

ఆమె నెమ్మదిగా చెప్పింది, ఇంకొకరి సంగతి చెప్పినట్టు. లింబాయత్ గదిలో రిహార్సల్ జరుగుతోంది. ఆరుగురు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎల్లుండి నాటకం. గల్లీ చివర కిరాణా కొట్టుకు ఫోను వచ్చింది. ఆమె ఉరికొచ్చి, గడపలో నిలబడి, "మా అమ్మ సచ్చిపోయిందట" అన్నది. నేను కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

"నువ్వన్నవ్. ఇయ్యాల పోయినా ఎల్లుండి పోయినా అని. ఆరుగురు ఇన్నరు. షో అయినంక రైలెక్కిచ్చినవ్. నేను పోయేసరికి మూడోనాటి పిట్టకు పెట్టుడు కూడ అయిపోయింది. మా అమ్మ మొఖం నేను చూడలె."

ఆ నాటకం నాకు గుర్తుంది, ఎంత బాగా పండిందో గుర్తుంది. మా అత్త పోవడం గుర్తుంది. స్టేషన్‌లో కళావతిని కిటికీ పక్క కూర్చోబెట్టి అరటిపండ్లు కొనిచ్చింది గుర్తుంది, ఎంత మంచి మొగుణ్ణో అని అప్పుడు అనుకున్నది కూడా గుర్తుంది. ఆ మాట మాత్రం గుర్తులేదు. ఒట్టు. ఎంత తవ్వినా లేదు.

దుర్గయ్య చెప్పింది

నమ్మలేదు నేను. నమ్మితే నేనేమైపోవాలి? మర్నాడు పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి లింబాయత్‌లో దుర్గయ్య ఇంటికి పోయాను. ఆ ఆరుగురిలో అతనొకడని కళావతి చెప్పింది. దుర్గయ్యకు ఇప్పుడు చెవులు సరిగా వినబడవు, నా పెదాల వైపే చూస్తూ కూర్చున్నాడు. అడిగాను.

"అన్నవన్నా," అన్నాడు ఏమాత్రం తడుముకోకుండా. "నేను నీ పక్కనే ఉన్న. తల కిందికేసుకున్న."

"మరి గిన్నేండ్లు నాకెందుకు చెప్పలె?"

"చెప్పుడేంది?" దుర్గయ్య ఆశ్చర్యపోయాడు. "నాటకంల నువ్వే పెట్టినవ్ గదా గా మాట! పెళ్లాం ఏషంల నిలబడి ఎన్నిసార్లు ఇన్న నేను! నిన్ను నువ్వే అందరి ముంగట తిట్టుకుంటున్నవ్ అనుకున్నం. మేమంత అనుకునేటోళ్లం అన్నా, గింత ధైర్నం ఎవలికుంటది, రాజేశన్న గొప్ప మనిషి అని."

మైకు పట్టుకుని, "సిగ్గుపడాలె!" అని నేను అరిచినప్పుడల్లా, నా జట్టు మొత్తం నేను తప్పు ఒప్పుకుంటున్నాననుకుంది! నా గొప్పతనానికి మురిసిపోయింది! ఆ చప్పట్లలో వాళ్లవి కూడా ఉన్నాయి. తెర పక్కన నిలబడ్డ కళావతి మాత్రం, ఇతను తెలిసి అంటున్నాడా, తెలియక అంటున్నాడా అని ప్రతిసారీ నా మొహం చూసి ఉంటుంది. ఎన్ని ఆటలకు చూసిందో! ఛీ, నా బతుకు!

ఆటోలో తిరిగి వస్తుంటే పక్కనున్నామె, "ఏమైంది భాయ్, తబియత్ ఠీక్ నహీ క్యా?" అని నీళ్ల సీసా ఇచ్చింది. తాగాను.

నేను రాసిన సీను

ఇక్కడ నేను చేసిన తప్పు జాగ్రత్తగా చదవండి. ఇది రాసేవాళ్లు మాత్రమే చేసే తప్పు.

ఇంటికొచ్చి ఏమీ మాట్లాడలేదు. కాగితాలు తీశాను. ముప్పై ఏళ్ల పద్ధతి తప్పి మల్లేశం మాటలు నేనే రాశాను. ఏడుస్తూ రాశాను. కొట్టివేతలు లేకుండా ఒక్క ఊపులో వచ్చింది. ముసలి మల్లేశం పెళ్లాం ముందు కూర్చుని అంటాడు: "మీ అమ్మ సచ్చిపోయిన్నాడు నేనొక మాటన్న. నాకది యాదికి లేదు. నీకుంది. అన్నదానికన్న మరిసిపోయిందే నా పెద్ద తప్పు."

ప్రతి అక్షరం నిజం. నా రాతల్లో అంత నిజమైన పేజీ ఇంకోటి లేదు. నితిన్‌కు పంపాను. "అంకుల్, రోంగటే ఖడే హోగయే, రోమాలు నిక్కబొడిసినయ్!" అని ఫోను చేశాడు. సేఠ్‌కు నచ్చింది. షూటింగ్ అయిపోయింది. పోస్టరు మీద ఈసారి కళావతి పేరు ముందు వేయించాను. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. పెద్ద తెర మీద, నలుగురి ముందు, ఆమె హఠాత్తుగా చూడాలని నా ఆశ. నలుగురి ముందు అన్న మాటకు నలుగురి ముందే క్షమాపణ అనుకున్నాను. నాటకం రాసినట్టే ఆలోచించాను, ఇంకోలా ఆలోచించడం చేతకాక.

సినిమా మొదటి ఆట మధ్యాహ్నం. లింబాయత్ నుంచి, భేస్తాన్ నుంచి మన ఆడవాళ్లు హాలు నిండా వచ్చారు. కళావతి నా పక్కన కూర్చుంది. ఫోను సీనులో హాలంతా "అయ్యో!" అన్నది, ఎప్పటిలాగే. నేను ఆ చీకట్లో తల దించుకున్నాను. చివరి సీను వచ్చింది. నటుడు బాగా చేశాడు, గొంతు కూడా వణికింది.

"అన్నదానికన్న మరిసిపోయిందే నా పెద్ద తప్పు..."

ముందు వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఒక గొంతు గట్టిగా లేచింది. "అబ్బో! సిన్మలల్లనే అంటరమ్మా గిట్ల!"

అంతే, హాలు గొల్లుమంది. ఆడవాళ్లు విరగబడి నవ్వారు. పక్కవాళ్లను చరుస్తూ, కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ నవ్వారు. నా కడుపులోంచి తీసి రాసిన మాట అది! ఎవరూ నమ్మలేదు. అట్లాంటి మాట ఏ మగవాడి నోటా వినలేదు కాబట్టి నమ్మలేదు. కళావతి నవ్వలేదు. తెర వైపే చూస్తూ కూర్చుంది.

ఇంటి దగ్గర

ఇంటికి వచ్చాక టీ పెట్టింది. ఇద్దరం కూర్చున్నాం.

"గా చివరి మాటలు ఎవలు రాసిన్రు?"

"నేనే."

"ఎవలికోసం?"

"నీకోసమే."

"మరి గా యాక్టర్‌కు ఎందుకిచ్చినవ్?"

టీ గ్లాసు కింద పెట్టి, సర్దుకుని, ఆమెకు ఎదురుగా జరిగి కూర్చున్నాను. ఇప్పుడైనా చెప్పాలనుకున్నాను.

"కళావతీ, మీ అమ్మ సచ్చిపోయిన్నాడు నేనొక మాటన్న..."

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"గది గాయిన చెప్పిండు. ఊరంత ఇన్నది, ఊరంత నవ్వింది. నాకు వేరేది చెప్పు."

వేరేది. నోరు తెరిచాను. మళ్లీ అవే మాటలు నాలుక మీదికి వచ్చాయి, అవే, అదే వరసలో. వాటిని పక్కకు తోస్తే వెనక ఏమీ లేదు. ముప్పై ఏళ్లు ఆడవాళ్ల మాటలు రాశాను. కోడలి మాట, విధవరాలి మాట, తల్లి మాట, ఏది కావాలంటే అది పలికాను. నా నోటితో నా భార్యకు చెప్పే మాట ఒక్కటి ఎప్పుడూ సాధన చెయ్యలేదు. నా మాటలు రాసే పని ఆమెది కదా! ఆమె తన టీ చివరిదాకా తాగింది. తర్వాత గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

ఎనిమిది నెలలుగా ఇదే. పొద్దున ఆమె కూరగాయలు తరుగుతుంటే పోయి పక్కన నిలబడతాను. "ఏంది?" అంటుంది. "ఏం లేదు" అని వస్తాను. ఒకసారి ధైర్యం చేసి ఏదో మొదలుపెట్టాను. "గిది కూడ డైలాగు లెక్కనే ఉన్నది" అన్నది. వెక్కిరించలేదు, నిజమే చెప్పింది. నాకే అది డైలాగులాగే వినబడింది.

పిల్లలూ, భార్యాభర్తలు కలిసి రాయొచ్చా అని అడుగుతారు మీరు. రాయొచ్చు. మా పద్ధతి మంచిదే, ఇప్పటికీ అంటాను. అవతలివాళ్ల మాట నువ్వు రాయి, నీ మాట అవతలివాళ్లను రాయనీ. కాకపోతే ఆమె రాసింది చదివి, "ఎవడన్నడు?" అని ఒకసారి అడిగి ఊరుకోవద్దు. ఆమె "ఇన్న" అన్నప్పుడు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి నోట అని కూర్చుని అడగండి. నేను అడగలేదు. అడిగివుంటే 'దిన్‌పాళీ' రాసిన రోజుల్లోనే నాకు తెలిసేది.

ఇదంతా రాయడానికి పన్నెండు రోజులు పట్టింది. నిన్న పొద్దున పూర్తయింది. కాగితాలు వరసగా పెట్టి, గుండుసూది గుచ్చి, కళావతి దగ్గరికి పోయాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఇందులో అన్నీ ఉన్నాయి, ఏదీ దాచలేదు, చదివితే ఆమెకు నా మనసు తెలుస్తుందనుకున్నాను. రెండు చేతులతో ఇచ్చాను.

ఆమె చేట కింద పెట్టింది. కాగితాలు చూసింది, తీసుకోలేదు. నా మొహం చూసింది.

"మల్ల రాసినవా?" అన్నది.